బూడిద పిట్టను అమ్మేయకండి: ఫించ్‌లలో రంగుల పెంపకం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున పంజరాలు కడిగే పని పక్కన పెట్టి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

జీబ్రా ఫించ్‌లలో రంగు పిల్లలు తీయాలని మొదలుపెట్టిన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది ఇది. గూడు దిగిన, సహజమైన బూడిద రంగు పిల్లలన్నిటినీ కలిపి వచ్చిన ధరకు అమ్మేస్తారు. తెల్లవి, ఫాన్ (లేత గోధుమ రంగువి), సిల్వర్ మాత్రం ఉంచుకుని వాటిలో వాటినే జత కడతారు. కొన్ని తరాలు తిరిగేసరికి పిట్టల ఒళ్ళు చిన్నదవుతుంది, నాలుగు గుడ్లలో రెండింటికి పిల్ల కట్టదు, కట్టిన వాటిలో ఒకటి పెంకులోనే చనిపోతుంది. అప్పుడు మేత మారుస్తారు, నీళ్ళలో విటమిన్లు కలుపుతారు. లోపం అక్కడ లేదు. తక్కువ ధరకు వెళ్ళిపోయిన ఆ బూడిద పిట్టలతోపాటే మన పిట్టల బలమూ వెళ్ళిపోయింది. నా మాటల్లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి: రంగు నిలవాలంటే ఇంట్లో మంచి బూడిద పిట్ట ఉండాలి.

ముందుగా రంగు ఎలా దిగుతుందో చూద్దాం. మనుషుల్లో మగవాళ్ళకు ఎక్స్, వై అనే క్రోమోజోములు ఉంటాయి. పిట్టల్లో ఇది తిరగబడి ఉంటుంది. మగపిట్టకు రెండు జెడ్‌లు, ఆడపిట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఫాన్, సీఎఫ్‌డబ్ల్యూ (చెస్ట్‌నట్ ఫ్లాంక్డ్ వైట్, దాదాపు తెల్లగా ఉండేది), లైట్‌బ్యాక్ (వీపు లేత రంగుది), ఈ మూడూ జెడ్ మీద కూర్చునే రంగులు. మగపిట్టలో ఒక జెడ్ మీద ఫాన్ ఉండి రెండోది మామూలుదైతే పైకి బూడిదగానే కనిపిస్తుంది. దాన్నే స్ప్లిట్ అంటున్నాం. ఆడపిట్టకు ఉన్నదే ఒక్క జెడ్. దాని మీద ఏముంటే అదే ఈకల్లో కనిపిస్తుంది. కాబట్టి ఫాన్‌కు స్ప్లిట్ అయిన ఆడపిట్ట అనేది లోకంలో లేదు. ఎవరైనా ఆ పేరుతో బూడిద ఆడపిట్టకు ఎక్కువ ధర అడిగితే, వాళ్ళకు తెలియక అడుగుతున్నారో తెలిసి అడుగుతున్నారో గానీ, మీరు మాత్రం ఇవ్వకండి.

ఫాన్ మగపిట్టను బూడిద ఆడపిట్టకు వేశారనుకోండి. ఆడపిల్లలన్నీ ఫాన్, మగపిల్లలన్నీ బూడిద, అవి ఫాన్‌కు స్ప్లిట్. ముక్కు రంగు మారకముందే, చెంప మీద నారింజ మచ్చ రాకముందే ఏది ఆడో ఏది మగో చెప్పేయొచ్చు. ఇదే జత ఇంకో మేలు కూడా చేస్తుంది. ఇందులో బూడిద ఆడపిల్ల కనిపిస్తే దాని తండ్రి వేరే మగపిట్ట. ఫాన్ మగపిల్ల కనిపిస్తే, ఆ గుడ్డు ఇంకో ఆడపిట్ట వచ్చి ఆ గూట్లో పెట్టిపోయింది. మీరు జతలు రాసుకునే పుస్తకం నిజం చెబుతోందా లేదా అన్నది పిల్లలే చూపిస్తాయి.

అదే తిప్పి వేస్తే, అంటే బూడిద మగ, ఫాన్ ఆడ అయితే, పిల్లలన్నీ బూడిదగానే పుడతాయి. చాలామంది ఇక్కడే నిరాశపడి ఆ తడవ పిల్లలన్నిటినీ అమ్మేస్తారు. కానీ అందులో ప్రతి మగపిల్లా ఖచ్చితమైన స్ప్లిట్. తల్లి జెడ్ కొడుకులకే వెళ్తుంది కాబట్టి ఇందులో అనుమానానికి చోటు లేదు.

ఇక రెండో రకం రంగులు. తెలుపు, పైడ్ (తెల్ల మచ్చలది), పెంగ్విన్ (పొట్టంతా తెల్లగా ఉండేది), నల్లరొమ్ము, నారింజ రొమ్ము. వీటికి ఆడ, మగ తేడా లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే రంగు పడుతుంది. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే స్ప్లిట్ పిట్టకు, ఉత్త బూడిద పిట్టకు చూపులో తేడా ఉండదు. రెండు స్ప్లిట్‌లను జత కడితే నాలుగింట ఒకటి రంగు పిల్ల అని అందరికీ తెలుసు. దాన్ని తప్పుగా చదవడమే సమస్య. నాలుగు పిల్లల్లో ఒకటి తప్పకుండా వస్తుందని దానర్థం కాదు. ఐదు పిల్లల తడవలో ఒక్క రంగు పిల్లా రాకపోవడానికి అవకాశం దాదాపు 24 శాతం. అంటే నాలుగు జతల్లో ఒక జత మీకు ఉత్త చేతులే చూపిస్తుంది. పదకొండు పిల్లలు చూసినా ఒక్కటీ రాకపోతే, అప్పుడు ఆ రెంటిలో ఒకటి స్ప్లిట్ కాదని గట్టిగా అనుమానించవచ్చు. మొదటి తడవకే జత విడగొట్టడం వల్ల ఎన్ని మంచి స్ప్లిట్‌లు దుకాణాల పాలయ్యాయో చెప్పలేం.

అనుమానం తీర్చుకోవడానికి దగ్గరదారి ఉంది. అనుమానమున్న బూడిద పిట్టను ఆ రంగు పైకి కనిపించే పిట్టకు వేయండి. అది స్ప్లిట్ అయితే పిల్లల్లో సగానికి రంగు రావాలి. వరుసగా ఐదు పిల్లలు బూడిదగా వస్తే అది స్ప్లిట్ అయ్యే అవకాశం 3 శాతం దగ్గరికి పడిపోతుంది, ఏడు వస్తే ఒక శాతం లోపే. రెండు తడవల్లో తేలిపోతుంది. పైగా ఆ పిల్లలు వృథా కావు. బూడిదగా వచ్చిన ప్రతిదీ ఖాయంగా స్ప్లిటే.

రెండు రంగులు ఒకే పిట్టలో కావాలంటే, ఉదాహరణకు నల్లరొమ్ము, నారింజ రొమ్ము రెండూ కలిసి కావాలంటే, రెండింటికీ స్ప్లిట్ అయిన పిట్టలను జత కడితే పదహారింట ఒకటి. 95 శాతం నమ్మకంతో ఒక్క పిల్ల కోసం 47 పిల్లలు తీయాలి. ఒక జతతో అది మూడు నాలుగేళ్ళ పని. డబుల్ స్ప్లిట్‌ను రెండు రంగులూ ఉన్న పిట్టకు వేస్తే అది నాలుగింట ఒకటికి దిగుతుంది. కాబట్టి మొదటి పిట్ట కోసం మంచి ధర పెట్టడం తప్పు కాదు.

తెలుపు గురించి విడిగా చెప్పాలి. అది గోడకు కొట్టిన సున్నం లాంటిది. కింద ఏ రంగు ఉందో కనిపించదు. తెల్ల పిట్ట ఈకల కింద ఫాన్ ఉండొచ్చు, పైడ్ ఉండొచ్చు. పుట్టుక తెలియని తెల్ల పిట్టను మీ వరుసలోకి తెస్తే, రెండు తరాల తర్వాత లెక్కలేని రంగులు బయటపడి పుస్తకమంతా గందరగోళమవుతుంది. తెల్ల పిట్టను సీఎఫ్‌డబ్ల్యూతో పొరబడేవాళ్ళు కూడా చాలామందే. గుర్తించడానికి మంచి సమయం పిల్ల పుట్టిన మొదటి మూడు రోజులు. తల్లి మేతకు దిగినప్పుడు చిన్న టార్చ్ వేసి చూడండి. కళ్ళు ఇంకా తెరుచుకోని పల్చటి రెప్ప కింద మామూలు పిల్లకు నల్లటి మచ్చ కనిపిస్తుంది. సీఎఫ్‌డబ్ల్యూ పిల్లకు అది దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటుంది. తర్వాత కన్ను ముదిరి నలుపుకు దగ్గరవుతుంది, ఇక తేడా పట్టడం కష్టం. పెద్దయ్యాక చూడాలంటే కంటి కింద చార వెతకండి. సీఎఫ్‌డబ్ల్యూకు ఆ చార మిగిలి ఉంటుంది, తెల్లదానికి ఉండదు.

తల మీద ఈకల కుచ్చున్న పిట్టలకు వేరే లెక్క. కుచ్చు, డామినెంట్ సిల్వర్, ఈ రెండూ తల్లి, తండ్రిలో ఒక్కరి నుంచి వచ్చినా పైకి కనిపిస్తాయి కాబట్టి వీటికి స్ప్లిట్ ఉండదు. కుచ్చు రెండు వైపుల నుంచీ వస్తే ఆ పిల్ల పెంకులోనే చచ్చిపోతుంది. కుచ్చు, కుచ్చు జతకు 12 గుడ్లలో పిల్ల కట్టిందనుకుందాం. సగటున 6 కుచ్చు పిల్లలు, 3 మామూలువి, 3 చనిపోతాయి. కుచ్చు, మామూలు జతకు అదే 12 గుడ్లలో 6 కుచ్చువి, 6 మామూలువి. కుచ్చు పిల్లల సంఖ్య రెండింట్లో ఒకటే! మూడు ప్రాణాలు పోగొట్టుకుని మనం సంపాదించేది ఏమీ లేదు. అయినా ఈ జత కడుతూనే ఉన్నారు. దయచేసి ఆపండి.

పెంకులో చావు చూసిన వెంటనే ఇదే కారణమని తేల్చేయకండి. జీబ్రా గుడ్డు 12 నుంచి 14 రోజులు పొదుగుతుంది. ఆరో రోజున గుడ్డు వెనక సన్నటి టార్చ్ పెడితే సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపించాలి. ఏమీ లేకుండా పసుపుగా మెరిస్తే అది కట్టని గుడ్డు. మగపిట్ట లోపం కావచ్చు, కూర్చునే కొమ్మ ఊగి జత సరిగా కలవకపోవడం కావచ్చు, వయసు చాలకపోవడం కావచ్చు. నరాలు వచ్చి నడుమలో ఆగిపోతే తల్లి లేచిపోవడం, ఇన్‌ఫెక్షన్, దగ్గరి రక్తం. నిండుగా పెరిగి చివరిలో చనిపోతే ఎండకు తేమ చాలకపోవడం ముందు చూడాలి. మన తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, అందుకే ఏప్రిల్ నుంచి జూన్ వరకు గూళ్ళు తీసేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో కొర్రలు, సజ్జలు చెమ్మపట్టి బూజు పడుతుంది. నలిపితే ముక్కిన వాసన వచ్చే గింజ పారేయండి. మంచి కాలం జనవరి నుంచి మార్చి.

ఇప్పుడు దగ్గరి రక్తం మాట. అన్నాచెల్లెళ్ళను జత కడితే పుట్టే పిల్లలో ఇన్‌బ్రీడింగ్ 25 శాతం. తండ్రీకూతుళ్ళకూ అంతే. ఆ పిల్లల్లో మళ్ళీ అన్నాచెల్లెళ్ళను కడితే 37.5. ఒకే తల్లి లేక ఒకే తండ్రి ఉన్నవాటికి 12.5. రంగు త్వరగా స్థిరపడుతుందని ఈ దారి పడతారు, కానీ రంగుతోపాటు దాగి ఉన్న లోపాలూ జంటలవుతాయి. దీనికి విరుగుడు బూడిద పిట్టే. మొదటి జనవరిలో రంగు పిట్టను సంబంధం లేని, ఒళ్ళున్న బూడిద పిట్టకు వేయండి. ఇలాంటి జతలు రెండు, వేర్వేరు రక్తంతో పెట్టండి. తెలుపు, పైడ్ లాంటి రెండో రకం రంగుల్లో అయితే వచ్చేవన్నీ స్ప్లిట్‌లు. మూడు నెలలకే అవి జతకు సిద్ధపడతాయి, మీరు తొందరపడకుండా తొమ్మిది నెలలు ఆగండి. తరువాతి జనవరిలో ఒక వరుస స్ప్లిట్‌ను రెండో వరుస స్ప్లిట్‌కు, లేదా సంబంధం లేని రంగు పిట్టకు వేయండి. వచ్చే రంగు పిల్ల తూకంలో, ఈకలో తేడా మీ కళ్ళకే తెలుస్తుంది.

ఇదంతా ఒక జతకు ఒక పంజరం ఉంటేనే సాగుతుంది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఎత్తు చాలు. జతలన్నిటినీ ఒకే పెద్ద పంజరంలో కాలనీగా ఉంచితే మగపిట్టలు పక్క ఆడపిట్టలతో కలుస్తాయి, ఆడపిట్టలు పక్క గూట్లో గుడ్లు పెడతాయి. జత మార్చినప్పుడు కూడా జాగ్రత్త. ఆడపిట్ట ఒంట్లో పాత మగపిట్ట వీర్యం పది రోజులకు పైగా నిలవగలదు. మూడు వారాలు ఒంటరిగా ఉంచి, ఆ మధ్యలో పెట్టిన గుడ్లు లెక్కలోకి తీసుకోకండి. పిల్లలు గూడు దిగేది మూడు వారాలకు, సొంతంగా తినేది ఐదు వారాలు దాటాక. ఆరో వారంలో ఆడ, మగ వేరు చేయకపోతే అన్నాచెల్లెళ్ళు మీ ప్రమేయం లేకుండానే జతకడతాయి. ఏడాదికి మూడు తడవలకు మించి తీయకండి. సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక), ఉడికించి దంచిన గుడ్డు పెంకు ఎప్పుడూ పంజరంలో ఉండాలి, లేకపోతే గుడ్డు అడ్డుపడి ఆడపిట్ట చనిపోవచ్చు.

గౌల్డియన్ అనే మరో రకం ఫించ్ పెంచేవాళ్ళకు రెండు మాటలు. పసుపు ఒళ్ళు జెడ్ మీదిది. వంకాయ రంగు రొమ్మున్న మగపిట్టలో ఒక్కటి వస్తే లేత ఆకుపచ్చగా, రెండు వస్తే పసుపుగా ఉంటుంది. ఆడపిట్టలో ఆ మధ్య రంగు ఉండదు. నీలం రెండు వైపుల నుంచీ రావాలి. నీలాన్ని నీలానికి వరుసగా వేయకుండా స్ప్లిట్‌కు వేయండి. గౌల్డియన్ గుడ్లను పొదిగి పెంచడానికి బెంగాలీస్ ఫించ్ కింద పెట్టేవాళ్ళు కాక్లోసోమా గురించి తెలుసుకోవాలి. ఈ పరాన్నజీవి బెంగాలీస్ పేగుల్లో ఉన్నా దానికి ఏమీ కాదు. దాని దగ్గర పెరిగిన గౌల్డియన్ పిల్లలు మాత్రం చిన్న వయసులోనే గింజలు జీర్ణం కాక రెట్టలో అలాగే పడుతూ ఎండిపోతాయి. వెచ్చటి తాజా రెట్టలోనే ఆ జీవి కదులుతూ కనిపిస్తుంది కాబట్టి ఆలస్యం చేయకుండా మైక్రోస్కోపు కిందికి చేరాలి. పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది, ఆ అవకాశం వాడుకోండి. మందు మోతాదు డాక్టరు చెప్పాలి, దుకాణంలో అడిగి వేయకండి.

చట్టం మాట కూడా చెప్పాలి. మన పొలాల మునియాలను పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కొత్త రక్తం పేరుతో వాటి జోలికి పోకండి. జావా స్పారో సైటిస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

గుమ్మం దగ్గర బల్ల మీద ఖాళీ కార్డులు పెట్టాం. జతకు ఒకటి చొప్పున తీసుకెళ్ళండి. తండ్రి కాలి రింగు నంబరు, తల్లి కాలి రింగు నంబరు, జత కట్టిన తేదీ, గుడ్లు, పిల్ల కట్టినవి, పెంకులో పోయినవి, దిగిన పిల్లల రింగు నంబరు, రంగు, ఇవీ గడులు. చివరి గడిలో మూడే మాటలు ఉన్నాయి: విజువల్ (రంగు పైకి కనిపించేది), ఖాయమైన స్ప్లిట్, అనుమాన స్ప్లిట్. స్ప్లిట్, స్ప్లిట్ జతలో పుట్టిన బూడిద పిల్లల్లో మూడింట రెండే స్ప్లిట్‌లు, అందుకే మూడో మాట. పిట్టను అమ్మేటప్పుడు ఆ కార్డు నకలు కూడా ఇచ్చి పంపండి. ఇక ప్రశ్నలు అడగండి, పంజరాల ఫొటోలు తెచ్చినవాళ్ళు ముందుకు రండి.