జ్వరం తగ్గింది, మరి ఆడొచ్చా?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాదు, మాజీ ఆటగాణ్ణి అసలే కాదు. ఇక్కడ బెంగళూరులో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి మేనేజర్ పని చూస్తుంటాను. మేనేజర్ అంటే టీవీలో కోటు వేసుకుని అరిచే పెద్దమనిషి అనుకునేరు. వాటర్ బాటిళ్లు, ఐడీ కార్డులు, మ్యాచ్‌కి ముందు రిఫరీ చేతిలో పెట్టే టీమ్ షీట్ (అంటే ఆటగాళ్ల పేర్ల జాబితా), ఇవీ నా డిపార్ట్‌మెంట్. అందుకే ఈ టాపిక్‌ని కూడా ఆ షీట్ వైపు నుంచే చూస్తాను. వైరల్ జ్వరం వచ్చిన ఆటగాడి పేరు అందులో ఉండాలా వద్దా, ఆ సంగతి తేల్చేది ఎవరు?

నా వాదన ఒక్కటే. ఈ కోవిడ్ టెస్టులు, ఐసొలేషన్ రోజులు, కనీసం ఇంతమంది ఉండాలనే లెక్కలు, ఇవన్నీ మ్యాచ్ సజావుగా జరగడానికి రాసుకున్నవి. ఆటగాడి ఒళ్లు ఏమవుతుందన్నది వాటిలో ఎక్కడో చివర వస్తుంది, చాలాసార్లు రానే రాదు.

2022 జనవరి గుర్తు చేసుకోండి, ఒమిక్రాన్ రోజులు. మహిళల ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. జనవరి 20న నవీ ముంబైలో మన అమ్మాయిలు ఇరాన్‌తో 0-0 డ్రా చేసుకున్నారు. 23న చైనీస్ తైపీతో ఆడాలి. ఈలోపు శిబిరంలో పన్నెండు మందికి పాజిటివ్. ఏషియన్ ఫుట్‌బాల్ కాన్ఫెడరేషన్ రూల్ ప్రకారం షీట్‌లో కనీసం 13 పేర్లు ఉండాలి. గాయపడ్డవాళ్లని కూడా తీసేస్తే అన్ని పేర్లు రాలేదు. అంతే, మ్యాచ్ లేదు. వాయిదా అనే మాటే లేదు, జట్టు టోర్నమెంట్ నుంచి తప్పుకున్నట్టే లెక్క కట్టారు, ఇరాన్‌తో ఆడిన తొంభై నిమిషాలు కూడా రద్దయిపోయాయి. మనం ఆతిథ్యం ఇచ్చిన టోర్నీ, 2023 ప్రపంచ కప్‌కి అదే దారి, ఏళ్ల తరబడి చేసిన ప్రాక్టీసు. ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోకుండా ఇంటికెళ్లిన ఆతిథ్య జట్టు అది.

ఇప్పుడు సరిగ్గా దానికి వారం ముందు, జనవరి 16న, లండన్‌లో ఏం జరిగిందో చూడండి. ఆర్సెనల్, టోటెన్‌హామ్ మ్యాచ్ ఉంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అప్పటి రూల్, పదముగ్గురు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్ ఉంటే ఆడాలి, లేకపోతే వాయిదా అడగొచ్చు. ఆర్సెనల్ అడిగింది, లీగ్ ఒప్పుకుంది. తీరా చూస్తే ఆ క్లబ్బులో కోవిడ్ కేసు ఒక్కటే అని వార్తలొచ్చాయి. మిగతావాళ్లలో కొందరు గాయాలతో ఉన్నారు, కొందరు ఆఫ్రికా కప్‌కి వెళ్లారు. టోటెన్‌హామ్ వాళ్లు ఎంత మండిపడ్డారో చెప్పక్కర్లేదు. ఆ గొడవ తర్వాతే, ఫిబ్రవరి నుంచి, కనీసం నాలుగు కోవిడ్ కేసులుంటేనే వాయిదా అడగాలని రూల్ మార్చారు. పైగా ఆ టోటెన్‌హామ్‌కే అంతకుముందు డిసెంబరులో కేసులు పెరిగి ఫ్రాన్స్ క్లబ్ రెన్‌తో యూరప్ మ్యాచ్ ఆడలేకపోతే, ఆ మ్యాచ్‌ని రెన్ 3-0తో గెలిచినట్టు యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ ప్రకటించేసింది.

అంటే ముక్కులో దూరిన వైరస్ ఒకటే. షీట్ మీద ఉండాల్సిన పేర్ల లెక్క కూడా ఇంచుమించు అంతే. ఒకళ్లకి వాయిదా దొరికింది, ఒకళ్లకి ఇంటిదారి దొరికింది. లీగ్‌కి మే దాకా టైముంది, రెండు వారాల టోర్నీకి ఖాళీ రోజు లేదు, తేడా అంతా అక్కడే. ఖాళీ రోజులు ముందే పెట్టుకోవాల్సింది కదా అంటే పెట్టుకోవాల్సిందే. కోవిడ్ మొదలై అప్పటికి రెండేళ్లు, తెలియక జరిగిందని నేను అనుకోను.

మన ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, సంగతికొద్దాం. 2020-21, ఆ తర్వాతి సీజన్, రెండూ గోవాలోనే బబుల్‌లో, అంటే బయటివాళ్లని కలవకుండా, నడిచాయి. కంఠీరవ స్టేడియంలో గొంతు చించుకునే మనవాళ్లందరూ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. రెండో సీజన్‌లో, మళ్లీ ఆ 2022 జనవరిలోనే, హోటళ్లలో కేసులు మొదలయ్యాయి. ఆటగాళ్లు పదిహేను మంది ఉంటే ఆడాలన్నది అక్కడి లెక్క. బెంగళూరు ఎఫ్‌సీతో 15న జరగాల్సిన ఏటీకే మోహన్ బగాన్ మ్యాచ్ వాయిదా పడింది. ఆ మర్నాటి కేరళ, ముంబై మ్యాచూ అంతే. అప్పటికి పది మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని కేరళ బ్లాస్టర్స్ జనవరి 12 తర్వాత మళ్లీ గ్రౌండ్‌లోకి దిగింది 30న. మధ్యలో చాలా రోజులు హోటల్ గదుల్లోనే, ప్రాక్టీసు లేదు. ఆ 30న ఎదురుగా ఉన్నది మన బెంగళూరు. రోషన్ సింగ్ ఫ్రీ కిక్, 1-0, వాళ్ల పరంపర తెగింది. మనవాళ్లు గెలిచారని నేనూ ఎగిరాను, అబద్ధమెందుకు. కానీ ఆ రోజు కేరళ షీట్‌లో ఉన్నవాళ్లందరూ రూల్ ప్రకారం 'అందుబాటులో' ఉన్నవాళ్లే. నెగటివ్ వచ్చింది, పేరు రాశారు. రోజుల తరబడి మంచం, బాత్రూమ్, కిటికీ తప్ప ఏమీ చూడని మనిషి అరవయ్యో నిమిషంలో స్ప్రింట్ ఎలా తీస్తాడన్న ప్రశ్నకి ఆ ఫారంలో గడి లేదు. (ఆ సీజన్ కప్పు చివరికి మన హైదరాబాద్ ఎఫ్‌సీ కొట్టింది, అదే కేరళ మీద, పెనాల్టీల్లో. ఈ సభలో ఆ మాట చెప్పకుండా దాటేస్తే నన్ను కిందకి దించేస్తారు.)

ఇక నాకు బాగా నచ్చిన, బాగా బాధ కలిగించే కథ. ఆ జనవరిలోనే, 24వ తేదీన, కామెరూన్‌లో ఆఫ్రికా కప్ నాకౌట్ మ్యాచ్. కొమొరోస్ అని హిందూ మహాసముద్రంలో చిన్న దీవుల దేశం, మొదటిసారి ఆ టోర్నీకి వచ్చింది, ఆతిథ్య జట్టుతో ఆడాలి. వాళ్ల ముగ్గురు గోల్‌కీపర్లలో ఒకడికి గాయం, ఇద్దరికి కోవిడ్. వాళ్లిద్దరిలో అలీ అహమదాకి మ్యాచ్ రోజు టెస్ట్ నెగటివ్ వచ్చింది. అయినా ఐదు రోజుల ఐసొలేషన్ పూర్తి కావాల్సిందే అన్నారు. దాంతో షకేర్ అల్హదూర్ అనే లెఫ్ట్ బ్యాక్‌ని, అంటే ఎడమవైపు డిఫెండర్‌ని, గోల్‌లో నిలబెట్టారు. అతని పేరుతో గోల్‌కీపర్ జెర్సీ ఉండదు కదా, ఉన్న జెర్సీ వీపు మీద టేపుతో 3 అంకె అతికించుకుని దిగాడు. ఏడో నిమిషంలో జట్టులో ఒకరికి రెడ్ కార్డ్, మిగిలింది పదిమంది. అయినా అతను రెండు చేతులా బంతులు ఆపుతూనే ఉన్నాడు, ఓడింది 2-1తో మాత్రమే, కొమొరోస్ కొట్టిన ఆ ఒక్క గోలూ యూసుఫ్ మ్‌చంగామా ముప్పై గజాల దూరం నుంచి కొట్టిన ఫ్రీ కిక్. పేర్లు లెక్కపెట్టే రూల్‌కి వాళ్ల జట్టు సరిపోయింది. ఆ పేర్లలో ఒక్క గోల్‌కీపర్ కూడా లేడన్నది ఆ లెక్కలో పట్టలేదు.

ఇంతవరకూ టెస్ట్ ఆపినవాళ్ల గురించి. టెస్ట్ వదిలేసినవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. జర్మనీ క్లబ్ బయర్న్ మ్యూనిక్ ఆటగాడు అల్ఫోన్సో డేవిస్‌కి ఆ జనవరిలోనే కోవిడ్ వచ్చి తగ్గింది. తిరిగి ప్రాక్టీసుకి వచ్చాక క్లబ్ డాక్టర్లు గుండె పరీక్ష చేస్తే మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు, కనిపించింది. ఏప్రిల్ దాకా కూర్చోబెట్టారు. ఒట్టి నెగటివ్ రిపోర్ట్ చూసి వదిలేసి ఉంటే? వైరస్ ఏదైనా సరే, ఒళ్లు కాగిపోతుండగానో తగ్గిన వెంటనేనో గట్టిగా పరుగెత్తితే గుండెకి ముప్పు ఉందని డాక్టర్లు కోవిడ్‌కి ముందు నుంచీ చెబుతున్నదే. బయర్న్ దగ్గర యంత్రాలున్నాయి, డబ్బుంది. మన దగ్గర?

మన దగ్గర డెంగీ ఉంది. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని ఎపిడెమిక్‌గా ప్రకటించింది, గుర్తుందా? వానాకాలం వచ్చిందంటే నా షీట్‌లో పేర్లు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. డెంగీకి ఏ లీగూ టెస్ట్ పెట్టదు. ఎందుకంటే అది దోమ నుంచి వస్తుంది, పక్కవాడి దగ్గు నుంచి రాదు, ఎదుటి జట్టుకి ప్రమాదం లేదు, మ్యాచ్ ఆగదు. ఆటగాడికి మాత్రం కోవిడ్ కంటే ఇదే ఎక్కువ ప్రమాదం కావచ్చు. జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే డెంగీలో అసలు గండం, ప్లేట్‌లెట్లు పడిపోయేది అప్పుడే. మనవాళ్లేమో జ్వరం తగ్గింది కదా అని బూట్లు కట్టేస్తారు. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుర్రాడికి పక్కటెముకల మీద ఒక మోచేయి తగిలితే లోపల రక్తస్రావం. ఒంటి నొప్పులకని ఐబుప్రొఫెన్ మింగితే అది ఇంకో తంటా. జ్వరానికి పారాసెటమాల్ చాలు. డోలో 650 తయారుచేసే కంపెనీ మన బెంగళూరుదే, దాని గురించి మీకు నేను పాఠం చెప్పక్కర్లేదు.

టెస్ట్ అనగానే ముక్కులో పుల్ల ఒక్కటే అనుకోకండి, ఇంకో టెస్ట్ ఉంది, డోప్ టెస్ట్. ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ మీద ఆశ పెట్టుకున్న పిల్లల తల్లిదండ్రులు ఈ ముక్క శ్రద్ధగా వినండి. మన ఊళ్లలో జ్వరమొస్తే ఏం చేస్తాం? సందు చివర క్లినిక్‌కి వెళ్లి, 'డాక్టర్ గారూ, నీరసంగా ఉంది, ఒక సెలైన్ ఎక్కించండి' అంటాం. డాక్టర్ వద్దన్నా మనమే అడిగి మరీ ఎక్కించుకుంటాం, అదో తృప్తి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా రూల్ ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకి మించి నరం ద్వారా ఎక్కించుకోవడం నిషేధం, అందులో ఉన్నది ఒట్టి ఉప్పునీళ్లైనా సరే. ఆసుపత్రి చికిత్సలో భాగంగా ఎక్కిస్తే మినహాయింపు ఉంది. మామూలు సెలైన్ బాటిల్ 500 మిల్లీలీటర్లు. సమీర్ నస్రీ అని ఫ్రాన్స్ ఆటగాడు, 2016 చివర్లో లాస్ ఏంజెలెస్‌లో ఒక డ్రిప్ క్లినిక్‌లో సరిగ్గా అంతే ఎక్కించుకున్నాడు, విటమిన్లు కలిపిన నీళ్లు. ఒంట్లో బాగోలేదు, వాంతులయ్యాయి అన్నాడు. తర్వాత మినహాయింపు అడిగితే ఇవ్వలేదు. ముందు ఆరు నెలలు నిషేధించి, తర్వాత పద్దెనిమిది నెలలకి పెంచారు.

జలుబు మాత్రల్లో వచ్చే సూడోఎఫెడ్రిన్ కూడా మ్యాచ్ సమయంలో మూత్రంలో ఒక పరిమితి దాటితే తప్పే. గొంతు నొప్పికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లూ అంతే. 'మ్యాచ్ సమయం' అంటే విజిల్ నుంచి విజిల్ దాకా కాదు, ముందురోజు రాత్రి 11:59 నుంచే మొదలవుతుంది. కాబట్టి క్లినిక్‌లో కూర్చోగానే మొదటి మాట, మా వాడు డోప్ టెస్టులు ఉండే లెవెల్లో ఆడతాడు అని చెప్పండి. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొట్టి చూడండి. చీటీ, మాత్రల షీటు పారేయకండి.

మా స్థాయి లీగుల్లో బెంచ్ మీద డాక్టర్ ఉండడు. ఉన్నదల్లా కోచ్, నేను. మ్యాచ్ పొద్దున కోచ్ అడుగుతాడు, 'ఏరా, ఆడతావా?' పద్దెనిమిదేళ్ల కుర్రాడు, సెలెక్టర్ ఎవరో వస్తున్నారని తెలిసినవాడు, 'ఆడతా సార్' అనక ఏమంటాడు? ఆ ప్రశ్న వాణ్ణి అడగడమే తప్పు. అందుకని మా క్లబ్బులో ఈ సీజన్ నుంచి ఒక పద్ధతి పెట్టాం. జ్వరమని సెలవు పెట్టినవాడి పేరు షీట్‌లో రాయాలంటే డాక్టర్ సంతకం కావాలి, డెంగీ అయితే ప్లేట్‌లెట్ రిపోర్ట్ కూడా కావాలి, తర్వాత మొదటి వారం నడక, తేలికపాటి జాగింగ్ తప్ప మ్యాచ్ లేదు. కోచ్‌లకి నచ్చలేదు, ఇద్దరు నాతో మాట్లాడ్డం మానేశారు, మానేయనీ. మీ పిల్లలు వేరే క్లబ్బుల్లో ఆడుతుంటే అక్కడి మేనేజర్‌ని కూడా ఇదే అడగండి. రిపోర్టులు మాత్రం దయచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, పిల్లవాడి ఆరోగ్యం నలభైమందికి తెలియాల్సిన పనిలేదు, నేరుగా మేనేజర్‌కి పంపండి. ఇక మీ ప్రశ్నలు.