నూనె క్యాన్ మీద గీత

(అనంతపురంలో షుగర్ ఉన్నవాళ్ల సమావేశంలో ఒక డాక్టర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాక, తలుపు దగ్గర ఆగి చాలామంది అడిగే మాట ఒకటుంది. "సార్, ఏ నూనె వాడమంటారు?" శెనక్కాయలు పండించే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా ఇదే అడుగుతారు.

నూనెలో పిండిపదార్థం లేదు, కాబట్టి అది తినగానే షుగర్ పెంచదు. కానీ ఉగ్గాని, బజ్జీ తిన్నారనుకోండి. ఉగ్గానిలో ఉండే బొరుగులు తొందరగా అరిగేవి. బజ్జీల నూనె మాత్రం తిండిని కడుపులోంచి త్వరగా కదలనివ్వదు. రెండు గంటలకు చూస్తే మీటరులో అంకె బాగానే ఉండొచ్చు, ఆ తర్వాత మెల్లగా ఎక్కుతుంది. "బజ్జీలు తిన్నా ఏం కాలేదు సార్" అని రీడింగ్ చూపించేవాళ్లు నాకు కొత్త కాదు!

నూనె సంగతి ఎక్కువగా బయటపడేది కొలెస్ట్రాల్ రిపోర్టులో. షుగర్ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎలాగూ ఎక్కువ. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచేది సంతృప్త కొవ్వు. అది పామాయిల్‌లో దాదాపు సగం, కొబ్బరినూనెలో పదింట తొమ్మిది వంతులు, మన శెనక్కాయ నూనెలో ఐదో వంతుకు అటూఇటూ. సన్‌ఫ్లవర్‌లో ఇంకా తక్కువ. 2016లో 102 ప్రయోగాల ఫలితాలు కలిపి చూశారు. అన్నమో సంతృప్త కొవ్వో తగ్గించి, ఆ మేరకు సన్‌ఫ్లవర్‌లో ఎక్కువగా ఉండే రకం కొవ్వు తింటే హెచ్‌బీఏ1సీ, అంటే రెండుమూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష అంకె, కొద్దిగా తగ్గింది. "ఆ మేరకు" అన్నాను, గమనించండి. అన్నం అంతే తిని పైన నూనె పోసుకుంటే లెక్క తప్పుతుంది.

గానుగ నూనె మంచిదే. కాయ బూజు పట్టిందైతే మాత్రం ఆ బూజులోని విషం నూనెలోకీ వస్తుంది. గానుగకు పోసే ముందు గింజలు ఏరించండి.

ఇక ఎంత వాడాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది, రెండు వేల క్యాలరీల తిండిలో 27 గ్రాములు. మా ఇంట్లో ముగ్గురం. ఐదు లీటర్ల క్యాన్ నెలకు ఖాళీ అయ్యేది. లెక్కేస్తే తలకు రోజుకు 50 గ్రాములు, అంటే ఒక్క నూనెలోనే 450 క్యాలరీలు. డాక్టరింటి సంగతి ఇది.

మా ఆవిడ మార్కర్ తెచ్చి క్యాన్‌కు సరిగ్గా సగంలో గీత గీసింది. నెలాఖరు దాకా నూనె ఆ గీత దిగకూడదు. మొదటి నెల 17వ తేదీకే దిగింది. అప్పుడు చూశాం, పోపుకు నూనె వంచడమే తప్ప చెంచా అన్నది లేదు. పూరీలు కాల్చిన నూనె మర్నాడు కూరలోకి పోతోంది. మళ్లీ మళ్లీ కాగిన నూనె అది, రంగు మారి చిక్కబడింది కూడా. ఇప్పుడు క్యాన్ పక్కనే చెంచా వేలాడుతోంది.

పోయిన నెల గీత 26వ తేదీకి చేరింది. పండగ వచ్చింది, ఓళిగలు చేసుకున్నాం మరి. మీ ఇంట్లో క్యాన్ ఎన్ని రోజులకు అయిపోతోందో చెప్పండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.