దూకేది ఒకరు, దింపేది మరొకరు

అందరికీ నమస్కారం.

1943 జులై 11 రాత్రి. మిత్రరాజ్యాల సైన్యం సిసిలీ దీవిపై కాలుమోపింది అంతకు ముందురోజే. వాళ్లకు బలం చేకూర్చడానికి పారాట్రూపర్లను, అంటే విమానంలోంచి పారాచూట్‌తో దూకే సైనికులను, ఎక్కించుకుని 144 అమెరికా రవాణా విమానాలు బయల్దేరాయి. తీరం దాటే వేళకు కింద ఉన్న సొంత ఓడల నుంచి, ఒడ్డున ఉన్న సొంత ఫిరంగుల నుంచి కాల్పులు మొదలయ్యాయి. అంతకు కాసేపటి ముందే జర్మన్ విమానాలు బాంబులు వేసి వెళ్లాయి. చీకట్లో మళ్లీ ఇంజిన్ల మోత వినగానే గన్నర్లు మీట నొక్కేశారు. సొంత విమానాలే వస్తున్నాయన్న కబురు పంపారు, కానీ చేరాల్సిన అందరికీ అది చేరలేదు. 23 విమానాలు కూలిపోయాయి.

ఆ రాత్రి దూకినవాళ్ల శిక్షణలో లోపం లేదు. పారాచూట్లలో లోపం లేదు. లోపమంతా సైన్యానికీ వాయుసేనకూ నౌకాదళానికీ నడుమ ఉన్న సందులో ఉంది. పారాట్రూపర్ల ధైర్యం గురించి మీరు చాలా విని ఉంటారు, అందులో అబద్ధం లేదు. అయినా ఈ పూట నేను ఆ సందు గురించే ఎక్కువ మాట్లాడతాను. విమానం తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఏ యూనిఫాం వేసుకున్నా, అతను దూకడం ఒక్క దళం చేతిలో ఉండే పని కాదు.

ముందు శిక్షణ సంగతి. సినిమాల్లో చూపించినట్టు దూకినవాడు ఎక్కడో గాల్లో తాడు లాగడం మామూలు సైనిక జంపులో ఉండదు. పారాచూట్‌కు కట్టిన స్టాటిక్ లైన్ అనే పట్టీ కొసను విమానం లోపలి ఇనుప తీగకు తగిలిస్తారు. మనిషి బయటికి దూకగానే ఆ పట్టీయే పారాచూట్‌ను లాగి విప్పుతుంది. శిక్షణలో సాధారణంగా 1250 అడుగుల ఎత్తు నుంచి దూకిస్తారు. యుద్ధంలో ఇంకా కిందికి వస్తారు, ఎందుకంటే గాల్లో వేలాడే ప్రతి సెకనూ కింద ఉన్నవాడి తుపాకికి గురి. శిక్షణ ఎత్తు నుంచైనా నేల చేరడానికి పట్టేది సుమారు ఒక నిమిషం. ఆ కాస్త వ్యవధిలోనే పైకి చూసి గుడ్డ సరిగ్గా విచ్చుకుందో లేదో తేల్చుకోవాలి, లేకపోతే ఛాతీ మీది రిజర్వు పారాచూట్ లాగాలి, పక్కవాడి తాళ్లలో చిక్కుకోకుండా తప్పుకోవాలి, నేల దగ్గర పడేసరికి బరువు సంచిని తాడుతో కిందికి వదలాలి.

అసలు కష్టం నేల తాకే క్షణంలో ఉంది. గుండ్రటి సైనిక పారాచూట్ మనిషిని సెకనుకు సుమారు 6 మీటర్ల వేగంతో దింపుతుంది. లెక్క వేసి చూస్తే అది దాదాపు రెండు మీటర్ల గోడ మీంచి దూకినంత దెబ్బ, అదీ ఒంటి మీద సామగ్రితో, వెనక నుంచి గాలి నెడుతుండగా. అందుకే బడిలో రోజుల తరబడి నేర్పేది గాల్లో ఎగరడం కాదు, పడడం. పాదాలు, మోకాళ్లు దగ్గరగా బిగించాలి. ముందు పాదం ముందుభాగం, తర్వాత పిక్క పక్కభాగం, తొడ, పిరుదు, వీపు పక్క కండ. ఈ వరసలో దెబ్బను ఒళ్లంతా పంచుకుంటూ దొర్లాలి. మొదట ఇసుక గుంటలో చిన్న దిమ్మ మీంచి, ఆ తర్వాత బురుజు మీంచి. అమెరికన్ బడిలో ఆ బురుజు ఎత్తు 34 అడుగులు. అక్కడ హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీల కట్టు) తగిలించుకుని తీగ మీద జారాలి.

ఇదంతా నేర్చుకోకుండా దూకినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1954లో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూ కోటను శత్రువు చుట్టుముట్టినప్పుడు, ఫ్రెంచి సైన్యంలో పారాచూట్ శిక్షణ లేనివాళ్లు వందల మంది తామే ముందుకొచ్చి దూకారు. వాళ్లలో ఎక్కువమంది క్షేమంగానే దిగారు. మరి వారాల తరబడి బడి ఎందుకు? నా ఉద్దేశంలో, ఆ బడి ఉన్నది ఒక్క మనిషి బతికి దిగడం కోసం కాదు. పదుల మంది ఒకే తలుపులోంచి ఆగకుండా, తొక్కుకోకుండా, ఒకే గీతలో పడి, చీకట్లో ఒకరినొకరు వెతుక్కుని పావుగంటలో మళ్లీ ఒక దళం కావడం కోసం. ఒక్కో మనిషి రెండు సెకన్లు జంకితే వరసలో చివరివాడు కిలోమీటర్ల అవతల పడతాడు.

అందుకే తలుపు దగ్గర జంప్‌మాస్టర్, అంటే అందరినీ దూకించే బాధ్యుడి, మాటే వేదం. అతను సార్జెంటే కావచ్చు, వరసలో నిలబడ్డది కల్నలే కావచ్చు. లేవమంటే లేవాలి, తగిలించమంటే పట్టీ తగిలించాలి, ముందున్నవాడి వీపు మీది కట్లు చూడమంటే చూడాలి. దూకమనే పచ్చ దీపం వెలిగాక చర్చ లేదు. పారాచూట్ మడిచే రిగ్గర్ పేరు మాత్రం ఎవరూ తలుచుకోరు. అమెరికా సైన్యంలో రిగ్గర్ కూడా పారాట్రూపరే, తను మడిచిన ఏ పారాచూట్‌తోనైనా తను దూకడానికి సిద్ధంగా ఉండాలని అక్కడ నియమం. ఇంతకంటే మంచి నాణ్యత పరీక్ష నాకు తెలియదు.

ఇక బడి ఎవరిది? బ్రిటన్‌లో దూకేది ఎక్కువగా సైన్యం, నేర్పేది వాయుసేన. 1940లో మాంచెస్టర్ దగ్గరి రింగ్‌వేలో మొదలైన ఆ బడి ఇప్పుడు బ్రైజ్ నార్టన్ వైమానిక స్థావరంలో ఉంది. ఆగ్రాలోని భారత పారాట్రూపర్స్ ట్రెయినింగ్ స్కూలు కూడా వాయుసేనదే. అక్కడికి సైన్యంలోని పారా బెటాలియన్ల వాళ్లు, నౌకాదళం మార్కోస్, వాయుసేన గరుడ్ కమాండోలు అందరూ వస్తారు. అమెరికాలో వరస తిరగబడింది. ఫోర్ట్ బెన్నింగ్‌లోని బడి సైన్యానిది, మిగతా దళాలవాళ్లు అక్కడికే వచ్చి మూడు వారాలు ఉండి, 5 జంపులు పూర్తిచేసి బ్యాడ్జి పెట్టుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పారాట్రూపర్లు అచ్చంగా వాయుసేన మనుషులు. రష్యాలో నేడు పారాట్రూపర్లదే ఒక ప్రత్యేక శాఖ. వీటిలో నాకు నచ్చేది వాయుసేన నేర్పే పద్ధతి. విమానం నడిపేవాడికీ దాంట్లోంచి దూకేవాడికీ మొదటి రోజే పరిచయం అవుతుంది.

బడి ఒకటే అయినా, నేల చేరాక పనులు వేరు. సైన్యం పెద్ద సంఖ్యలో దిగి వంతెననో విమానాశ్రయాన్నో పట్టుకుని, ట్యాంకులూ ఫిరంగులూ వచ్చేదాకా నిలబడాలి. నౌకాదళ కమాండోలకు జంప్ అంటే తరచుగా నీళ్లలోకే. రబ్బరు పడవను ముందు దింపి దాని వెనకే దూకుతారు. అక్కడ ప్రమాదం ఎముకలకు కాదు, ఊపిరికి. తడిసిన గుడ్డ తల మీద కప్పుకుంటే, హార్నెస్ విప్పుకోవడంలో ఆలస్యమైతే, ఈత వచ్చినవాడూ మునుగుతాడు. వాయుసేనలో అమెరికన్ పారారెస్క్యూ వాళ్ల పని కూలిన విమానం పైలట్‌ను వెతికి, అక్కడికక్కడే చికిత్స చేసి, బయటికి తీసుకురావడం. అదే వాయుసేనలోని కంబాట్ కంట్రోలర్లు అందరికంటే ముందు దిగి, వెనక వచ్చే విమానాలకు దారి చూపుతారు. మూడు దళాల్లోని ప్రత్యేక బృందాలు ఇరవై ముప్ఫై వేల అడుగుల నుంచి కూడా దూకుతాయి. అంత ఎత్తున గాలి పలచన. అందుకని దూకే ముందు చాలాసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చి రక్తంలోని నత్రజనిని వదిలించుకోవాలి.

వైద్యుల మాట మరిచిపోకూడదు. 1951 మార్చిలో కొరియాలోని మున్సాన్ దగ్గర అమెరికా 187వ రెజిమెంటల్ బృందం దూకినప్పుడు, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలోని భారత 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్ నుంచి ఒక చిన్న బృందం వాళ్లతో పాటే దూకింది. ఒక దేశపు విమానం, మరో దేశపు వైద్యుడు.

ఇప్పుడు మళ్లీ ఆ సందు దగ్గరికి వస్తాను. 1944 సెప్టెంబరులో ఆర్న్‌హెమ్. నెదర్లాండ్స్‌లో రైన్ నది మీది వంతెనను పట్టుకోవాలి. వంతెన పక్కన విమాన విధ్వంసక ఫిరంగులు ఎక్కువన్న భయంతో, అక్కడి నేల మెత్తనన్న అనుమానంతో, వాయుసేన పది కిలోమీటర్ల అవతలి మైదానాలే సరేనంది. మొదటి రోజు ఒక్క విడతే దింపుతామంది. వాయుసేన వైపు నుంచి చూస్తే రెండూ న్యాయమైన మాటలే. దిగినవాళ్లకు మాత్రం అవి ప్రాణాంతకం. వంతెన దాకా ఒక్క బెటాలియన్, దానితో కలిసిన కొద్దిమంది మాత్రమే చేరగలిగారు. సుమారు 10,000 మంది వెళితే, నది దాటి వెనక్కి వచ్చినవాళ్లు 2,500 కూడా లేరు.

1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, డిసెంబరు 11న, అక్కడి టంగాయిల్‌లో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. లెఫ్టినెంట్ కల్నల్ కుల్వంత్ సింగ్ పన్నూ నాయకత్వంలో భారత 2వ పారా బెటాలియన్ పూంగ్లీ వంతెన దగ్గర దిగింది. ఉత్తరం నుంచి ఢాకాకు వెనుదిరుగుతున్న పాకిస్తానీ బ్రిగేడ్ దారిని మూసెయ్యడం లక్ష్యం. ఒక అధికారి ముందే రహస్యంగా వెళ్లి, స్థానిక బెంగాలీ గెరిల్లా నాయకుడు కాదర్ సిద్ధిఖీ మనుషులతో కలిసి దిగే చోటు చూసిపెట్టాడు. గాలికి కొందరు చెదిరిపోయినా, ఆనాటికే వంతెన చేతికొచ్చింది. ఉత్తరం నుంచి నేల మీద వస్తున్న సైన్యం మర్నాడే వాళ్లను కలుసుకుంది. పారాట్రూపర్ల గెలుపోటములు నిజానికి ఆ కలయికకు పట్టే గంటల్లోనే తేలతాయి.

పెద్ద ఎత్తున దూకే రోజులు పోయాయని కొందరంటారు. 1941లో జర్మన్ పారాట్రూపర్లు గ్రీసుకు చెందిన క్రీట్ దీవిని గెలిచినా, అందులో పోయిన ప్రాణాలు చూసి హిట్లర్ ఆ ప్రయత్నాలు మానుకున్నాడు. అదే యుద్ధాన్ని చూసి మిత్రరాజ్యాలు తమ పారాచూట్ సేనలను పెంచుకున్నాయి. ఒక్క సంఘటన, రెండు తీర్పులు. ఆ వాదన నేటికీ తెగలేదు. నేటి క్షిపణుల ముందు నిదానంగా, తక్కువ ఎత్తులో వెళ్లే రవాణా విమానాల బారు తేలికైన లక్ష్యమన్నది నిజమే. కానీ చిన్న బృందాల జంపులు, నీళ్లలో దిగే జంపులు, గాయపడినవాడి కోసం దిగే జంపులు ఏ సైన్యమూ మానలేదు. నన్నడిగితే, బడ్జెట్లో కోత తప్పదంటే బెటాలియన్ల సంఖ్యలో కొయ్యండి. మూడు దళాలూ కలిసి చేసే సాధన జంపుల జోలికి పోవద్దు.

ప్రశ్నలుంటే అడగండి. ముందుగా వెనక వరసల వాళ్లకు మైకు ఇవ్వండి.