కెనడా పీఆర్ వచ్చింది, మరి జాబ్?

హోస్ట్: అక్కా, డైరెక్ట్‌గా అడిగేస్తా. కెనడా పీఆర్, అంటే శాశ్వత నివాసం, ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మాస్టర్స్‌కి పాయింట్లు, ఎక్స్‌పీరియెన్స్‌కి పాయింట్లు వేసి మరీ పిలుస్తారు కదా, తీరా దిగాక ఇంజినీర్లు, డాక్టర్లు వేర్‌హౌసుల్లో ఎందుకు తేలుతున్నారు?

గెస్ట్: పాయింట్లు వేసేది ఫెడరల్ గవర్నమెంటు, డాక్టర్, ఇంజినీర్ లాంటి పనులకి లైసెన్స్ ఇచ్చేది ప్రావిన్స్‌లో, అంటే రాష్ట్రంలో, ఉండే రెగ్యులేటర్ సంస్థ, జీతమిచ్చేది ఇంకోడు తమ్ముడూ. ఒకడి లెక్క ఇంకోడికి పట్టదు. 1967లో పాయింట్ల సిస్టమ్ పెట్టారు, ఈ గోల ఇంకా తీరలా.

హోస్ట్: మరి మన డిగ్రీ కెనడా డిగ్రీకి సమానమని చెప్పే అసెస్‌మెంట్ రిపోర్ట్ ఉంటుందిగా?

గెస్ట్: అది ఇమిగ్రేషన్ ఫైల్‌కి పనికొస్తుంది, దాంతో ప్రాక్టీస్ చెయ్యనివ్వరు. ఐటీ వాళ్ళకి లైసెన్స్ గొడవ లేదు, వాళ్ళని పక్కన పెట్టు. డాక్టర్లకైతే ఎగ్జామ్స్ పాసవ్వడం ఒక ఎత్తు, రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో ట్రైనింగ్, సీటు దొరకడం ఇంకో ఎత్తు, చాలామంది ఆగిపోయేది అక్కడే. కొన్ని ప్రావిన్సుల్లో ప్రాక్టీస్ రెడీ అసెస్‌మెంట్ అని, మళ్ళీ రెసిడెన్సీ చెయ్యకుండా పని చేయించి చూసి పరీక్షించే వేరే దారుంది, అనుభవం ఉన్న ఫ్యామిలీ డాక్టర్లు ముందు అది చూసుకోవాలి.

హోస్ట్: కెనడాలోనే పని చేసి ఉండాలంటారే, ఆ 'కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్' సంగతేంటి? జాబిస్తేనే కదా అది వచ్చేది!

గెస్ట్: (నవ్వు) అదే మరి. టొరంటో ఉండే ఆంటారియో ప్రావిన్స్‌లో ఇంజినీర్ల లైసెన్స్‌కి ఆ రూల్ 2023లో తీసేశారు. 2026 జనవరి నుంచి అక్కడ 25 మంది, ఆపైన స్టాఫ్ ఉన్న కంపెనీలు జాబ్ యాడ్‌లో కూడా అది అడక్కూడదు. యాడ్‌లో అయితే రాయరు, మనసులో ఉన్నదాన్ని ఏ చట్టం ఆపుతుంది? టొరంటోలో ఫిలిప్ ఒరియోపౌలస్ అనే ఎకనామిస్ట్ వేల కొద్దీ ఉత్తుత్తి రెజ్యూమెలు పంపి చూశాడు, చదువూ అనుభవమూ కెనడావే అయినా ఇంగ్లీష్ పేర్లకి మన పేర్లకంటే, చైనా పేర్లకంటే బాగా ఎక్కువ కాల్స్ వచ్చాయి.

హోస్ట్: అయితే పీహెచ్‌డీ తీసేసి రెజ్యూమె పంపమంటారే చాలామంది, అది కరెక్టేనా?

గెస్ట్: వేర్‌హౌస్ జాబ్‌కైతే తీసెయ్, ఏం పోదు. నీ ఫీల్డ్‌లో మాత్రం ఉంచు, ఇంటర్వ్యూలో అన్నేళ్ళూ ఏం చేశావని అడుగుతారు, అప్పుడు నీళ్ళు నమలాల్సొస్తుంది. ఇంకోటి, అద్దె కట్టాలి కాబట్టి ఏదో ఒక జాబ్ పట్టడం తప్పు కాదు, కానీ రెగ్యులేటర్ అప్లికేషన్ 'సెటిలయ్యాక చూద్దాం' అని పక్కన పెడతారు చూడు, అక్కడ దెబ్బతింటారు. విమానం ఎక్కకముందే యూనివర్సిటీ నుంచి సీల్డ్ ట్రాన్‌స్క్రిప్ట్‌లు, పాత మేనేజర్ల రిఫరెన్సులు తెప్పించుకోండి, ఇక్కడికొచ్చాక అవి రాబట్టాలంటే చుక్కలు కనిపిస్తాయి.