విశ్వవిద్యాలయం, స్వచ్ఛంద సంస్థ కలిసి పనిచేయాలంటే: సంతకానికి ముందే తేల్చుకోవాల్సినవి

[తెరపై: సంతకాలు చేసిన ఒప్పంద పత్రం. దాని పక్కన ఏమీ రాయని క్యాలెండర్.]

వాయిస్:
ఒక విశ్వవిద్యాలయం, ఒక స్వచ్ఛంద సంస్థ ఒప్పందం చేసుకున్నాయి. సంతకాలయ్యాయి, ఫొటోలు దిగారు. ఆర్నెల్లు తిరిగేసరికి విద్యార్థులకు మార్కులొచ్చాయి. ప్రొఫెసర్ పేరు మీద ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. సంస్థ బీరువాలోకి ఒక లావుపాటి నివేదిక చేరింది. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టారో ఆ వాడలో మాత్రం ఏదీ మారలేదు.

ఇందులో పాల్గొన్నవాళ్లంతా మనసుపెట్టే పనిచేసి ఉంటారు. మొదట్లోనే రెండు సంగతులు తేల్చుకోలేదు, అంతే. వెతుకుతున్నది ఎవరి ప్రశ్నకు జవాబు? ఆ జవాబు చేతికొచ్చాక దానితో ఎవరు ఏం చేస్తారు? ఈ వీడియోలో చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

[తెరపై: 1884, లండన్. తర్వాత 1970ల నెదర్లాండ్స్.]

వాయిస్:
చదువుకున్నవాళ్లు పేదల వాడలకు వెళ్లి పనిచేయడం కొత్త సంగతేమీ కాదు. 1884లో తూర్పు లండన్‌లో టాయిన్బీ హాల్ మొదలైంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు అక్కడే బస చేసి, చుట్టుపక్కల జనంతో కలిసి పనిచేసేవారు. మన విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది 1970లలో నెదర్లాండ్స్‌లో వచ్చిన పద్ధతి. దాని పేరు సైన్స్ షాప్. విశ్వవిద్యాలయంలో ఒక గది తెరుస్తారు. పౌర సంఘాలు తమ ప్రశ్నతో అక్కడికి వస్తాయి. ప్రశ్న తీసుకోవాలంటే మూడు షరతులు: అడిగేవాళ్లకు పరిశోధన చేయించుకునే డబ్బు ఉండకూడదు, వ్యాపార లాభం ఉద్దేశం కాకూడదు, వచ్చిన ఫలితాన్ని వాడుకునే స్థితిలో ఉండాలి.

ఆ మూడో షరతును మళ్లీ ఒకసారి వినండి. ఫలితాన్ని వాడుకోగలగాలి. ఎక్కువ ఒప్పందాల్లో కనిపించనిది అదే.

[తెరపై: రెండు ప్రశ్నలు పక్కపక్కన.]

వాయిస్:
«మా కార్యక్రమం ప్రభావాన్ని అధ్యయనం చేయండి.» సంస్థలు తరచూ ఇలా అడుగుతాయి. ఇది ప్రశ్న కాదు, కోరిక. దీని మీద విద్యార్థులు ఏం రాసినా సరిపోతుంది, ఏం రాసినా ఉపయోగపడదు.

«మా సాయంత్రం చదువు కేంద్రానికి మొదటి నెల వచ్చిన పిల్లల్లో కొందరు తర్వాత ఎందుకు మానేస్తున్నారు? వేళ మార్చాలా, చోటు మార్చాలా, చెప్పే తీరు మార్చాలా?» ఇది ప్రశ్న.

ప్రశ్న గట్టిదో కాదో చూడటానికి ఒక మంచి పద్ధతి ఉంది. సర్వే మొదలుపెట్టకముందే ఫలితాల పట్టికను ఖాళీ గళ్లతో గీయండి. పక్కన ఇలా రాయండి: «మానేసినవారిలో సగం మందికి పైగా వేళ కుదరలేదంటే, వేళ మారుస్తాం. దూరమే కారణమైతే, రెండో కేంద్రం వెతుకుతాం.» ఆ వాక్యాలు రాయాల్సింది ప్రొఫెసర్ కాదు. వేళ మార్చే అధికారం ఉన్న సంస్థ మనిషి రాయాలి. ఏ అంకె వచ్చినా చేసే పని ఒకటే అని తేలితే ఆ సర్వే మానేయండి. జనం సమయం మిగులుతుంది.

ఇంకొకటి. ఆ వాడలో ఇదివరకే ఎవరైనా సర్వే చేశారా అని కనుక్కోండి. ఒకే ఇంటికి నాలుగు బృందాలు వెళ్లి అవే వివరాలు అడిగితే, ఐదో బృందానికి తలుపు తెరుచుకోదు. తెరిచినా, త్వరగా వదిలించుకునే జవాబులే వస్తాయి.

[తెరపై: 16 గళ్ల క్యాలెండర్. గళ్లు ఒక్కొక్కటీ బూడిద రంగులోకి మారుతుంటాయి.]

వాయిస్:
ఇప్పుడు కాలం లెక్క. ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

సెమిస్టర్ పదహారు వారాలనుకోండి. మొదటి రెండు వారాలు కోర్సుల నమోదుకే పోతాయి. మధ్యలో పరీక్షలకు ఒక వారం. చివరి రెండు వారాలు మళ్లీ పరీక్షలు. సెలవులకు మరో వారం తీసేయండి. మిగిలేవి 10 వారాలు. అందులో మొదటి రెండు వారాలు విద్యార్థులకు విషయం అర్థం కావడానికే సరిపోతాయి. అంటే అసలు పనికి దొరికేవి ఎనిమిది.

స్వచ్ఛంద సంస్థ ఏడాది ఈ లెక్కన నడవదు. వాళ్లకు నిధుల గడువులు, వానాకాలం, పంపిణీల రద్దీ ఉంటాయి. విద్యార్థులు పరీక్షలకు వెళ్లిన వారమే సంస్థకు వాళ్ల అవసరం ఎక్కువగా పడుతుంది. అందుకే రెండు క్యాలెండర్లనూ ఒకే కాగితం మీద పరిచి, చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. 16వ వారంలో నివేదిక కావాలంటే 13వ వారానికి చిత్తుప్రతి సంస్థ చేతిలో ఉండాలి. దానికి 10వ వారానికి వివరాల సేకరణ ఆగాలి. దానికి ప్రశ్నావళి 5వ వారానికల్లా ఖరారవ్వాలి.

పరిశోధన వల్ల మనుషులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతికి కొన్నిచోట్ల వారాలు పడుతుంది, కొన్నిచోట్ల నెలలు. మనుషుల నుంచి వివరాలు సేకరించే పరిశోధనైతే ఆ దరఖాస్తు సెమిస్టర్‌కు ముందే వెళ్లాలి. సెమిస్టర్ మొదలయ్యాక పంపితే అనుమతి వచ్చేసరికి విద్యార్థులు పరీక్షల్లో ఉంటారు.

[తెరపై: కూడిక ఒక్కో వరుసగా కనిపిస్తుంది. 25 + 6 + 10 + 15 = 56.]

వాయిస్:
విద్యార్థుల శ్రమ ఉచితం అంటారు. లెక్క చూద్దాం.

ఇరవై మంది విద్యార్థులు, ఐదు బృందాలు. వారానికి నాలుగేసి గంటల చొప్పున 10 వారాలకు 800 గంటలు. వినడానికి చాలా ఎక్కువ. ఇప్పుడు సంస్థ వైపు చూడండి. ఒక్కో బృందంతో వారానికి అరగంట మాట్లాడాలి, 10 వారాలకు 25 గంటలు. మొదట్లో పరిచయం, శిక్షణకు 6. ఐదు చిత్తుప్రతులు చదివి దిద్దడానికి రెండేసి గంటలు, 10. ఒక్కో బృందాన్ని ఒకసారైనా వాడకు తీసుకెళ్లి పరిచయం చేయాలి, మూడేసి గంటల చొప్పున 15. మొత్తం 56 గంటలు. రోజుకు 8 గంటల లెక్కన ఒక ఉద్యోగికి ఏడు పనిదినాలు. ముగ్గురు ఉద్యోగులతో నడిచే సంస్థకు ఇది పెద్ద బరువు.

అదే ఎనిమిది మంది విద్యార్థులు, రెండు బృందాలైతే ఈ లెక్క 26 గంటలకు దిగుతుంది. చిన్న సంస్థకు ఇది నప్పుతుంది. తరగతిలో అరవై మంది ఉన్నారని అరవై మందినీ ఒకే సంస్థ మీదికి పంపడం అన్యాయం. ఆ గంటలకు గ్రాంట్ బడ్జెట్లో సంస్థ పేరు మీద ఒక పద్దు ఉండాలి. పరిశోధకుడి సమయానికి జీతం రాసి, సంస్థ మనిషి సమయాన్ని సహకారం అని వదిలేసే బడ్జెట్‌ను ఒప్పుకోకండి.

[తెరపై: రూపాయి, డాలర్ గుర్తులు లేని సాదా డబ్బు ప్రవాహ చిత్రం.]

వాయిస్:
డబ్బు విషయంలో ఇంకో చిక్కుంది. నిధులు సాధారణంగా విశ్వవిద్యాలయం ఖాతాకు వస్తాయి. అక్కడ ఓవర్‌హెడ్ కింద, అంటే కార్యాలయ నిర్వహణ ఖర్చుల కింద, కొంత మినహాయిస్తారు. మిగిలిన దాన్ని, సంస్థ ముందు ఖర్చుపెట్టి బిల్లులు ఇస్తే తర్వాత చెల్లిస్తారు. పెద్ద సంస్థ ఈ ఆలస్యాన్ని తట్టుకుంటుంది. చిన్నదానికి రెండు నెలలు డబ్బు ఆగితే జీతాలే ఆగుతాయి. మూడు నెలల ఖర్చు ముందుగా ఇచ్చి, లెక్కలు చూశాక తర్వాతి విడత ఇచ్చేలా మాట్లాడుకోండి. ఓవర్‌హెడ్ శాతం ఎంతో, సంస్థకూ ఆ పద్దు కింద ఏమైనా వస్తుందో దరఖాస్తు రాసేటప్పుడే అడగాలి. మంజూరయ్యాక అడిగితే మార్చే వీలుండదు.

కాగితాల గురించి క్లుప్తంగా. ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, రెండు పేజీలు చాలు. చాలాచోట్ల అది ఉద్దేశాలను చెప్పే పత్రమే, దాని మీద డబ్బు, డేటా నడవవు. వాటికి వేరే ఒప్పందాలు రాసుకోవాలి. ప్రతి ప్రాజెక్టుకు ఒక పేజీ అనుబంధం పెట్టండి: ప్రశ్న ఏమిటి, ఎవరు ఏం చేస్తారు, ఎప్పటికి, చివరికి సంస్థ చేతికి ఏం వస్తుంది. రెండు వైపులా ఇద్దరేసి పేర్లు ఉండాలి. ఒక్కరే ఉంటే, ఆయన సెలవు మీద వెళ్లిన రోజున సంబంధం తెగిపోతుంది.

[తెరపై: రెండు ఫైళ్లు. ఒకదానికి తాళం.]

వాయిస్:
డేటా. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో హవాసుపాయ్ అనే తెగ ఉంది. 1990 నుంచి వాళ్లు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం నమూనాలు ఇచ్చారు. తమలో ఎక్కువగా ఉన్న మధుమేహం గురించి తెలుస్తుందని ఇచ్చారు. అవే నమూనాలను స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి మీద, తమ పూర్వికులు ఎక్కడి నుంచి వచ్చారన్న దాని మీద పరిశోధనలకు కూడా వాడినట్టు తర్వాత తెలిసింది. కోర్టుకెళ్లారు. 2010లో రాజీ కుదిరింది. 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించారు, మిగిలిన నమూనాలను వెనక్కి ఇచ్చేశారు.

రక్తమైనా, సర్వే జవాబైనా సూత్రం ఒకటే: ఏ పనికని అడిగి తీసుకున్నామో ఆ పనికే వాడాలి. ఇంకో పనికి వాడాలంటే మళ్లీ అడగాలి. ఒప్పందంలో ఇవి స్పష్టంగా ఉండాలి. పేర్లు, చిరునామాలు ఒక ఫైల్లో, జవాబులు మరో ఫైల్లో. రెండింటినీ కలిపే సంఖ్యల జాబితా సంస్థ దగ్గరే. విద్యార్థుల సొంత ఫోన్లలో ఏదీ మిగలకూడదు. ఏ తేదీకి చెరిపేస్తారో రాయాలి. నివేదిక పట్టికలో ఒక గడిలో ఐదుగురికన్నా తక్కువ మంది ఉంటే ఆ అంకె వేయకండి. చిన్న వాడలో «వితంతువు, ముప్పై ఏళ్లలోపు, ఒకరు» అని రాస్తే పేరు రాసినట్టే.

ప్రచురణ విషయం కూడా ఇక్కడే తేల్చాలి. వ్యాసం బయటికి వెళ్లే ముందు సంస్థకు చదివి అభిప్రాయం చెప్పడానికి 30 రోజులు ఇవ్వండి. తప్పులు దిద్దించే హక్కు, మనుషులు గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీయించే హక్కు సంస్థకు ఉండాలి. ఫలితం తమకు నచ్చలేదని ఆపే హక్కు ఉండకూడదు. ఈ గీత ముందే గీసుకోకపోతే, కార్యక్రమం పనిచేయలేదని తేలిన రోజున స్నేహం చెడుతుంది.

[తెరపై: 100 చుక్కలు, తర్వాత 400 చుక్కలు.]

వాయిస్:
ఎంతమందిని అడగాలి? పెద్ద జనాభాలో లాటరీ పద్ధతిలో ఎంచిన సుమారు 100 మందిని అడిగితే శాతాలు పది పాయింట్లు అటూ ఇటూగా తెలుస్తాయి. సుమారు 400 మందైతే ఐదు పాయింట్లు. తేడాను సగానికి తగ్గించాలంటే నాలుగింతల మంది కావాలన్నమాట. వేళ మార్చాలా వద్దా అన్నది తేల్చడానికి చాలాసార్లు వందే చాలు. అయితే ఈ లెక్క లాటరీ పద్ధతిలో ఎంచినప్పుడే పనిచేస్తుంది. విద్యార్థులు పగటిపూట వెళ్లి తలుపు తీసినవాళ్లనే అడిగితే, పనికెళ్లినవాళ్లంతా తప్పిపోతారు. అలా వెయ్యి మందిని అడిగినా ఆ లోటు తీరదు. ఎంచిన ఇంటికి వేరువేరు వేళల్లో మూడుసార్లైనా వెళ్లాలి. పక్కింటితో సరిపెట్టకూడదు.

ప్రశ్నావళి ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. ముందు పది మంది మీద ప్రయత్నించి చూడండి. ఏ ప్రశ్నను రెండోసారి చదివి వినిపించాల్సి వచ్చిందో దాన్ని తిరగరాయండి. ఆ వాడ మనిషి ఒకరికి డబ్బిచ్చి బృందంలో పెట్టుకోండి. ఏ మాట నొప్పిస్తుందో ఆ మనిషికి తెలుస్తుంది.

[తెరపై: పైకి కిందకి ఊగే గీత.]

వాయిస్:
మార్పు వచ్చిందని చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. పోయిన ఏడాది ప్రమాదాలు అన్నిటికన్నా ఎక్కువ జరిగిన పది వీధులు ఎంచి పని మొదలుపెట్టారనుకోండి. ఈ ఏడాది అక్కడ ప్రమాదాలు తగ్గాయి. అందులో కొంత తగ్గుదల ఏమీ చేయకపోయినా వచ్చేదే. మామూలుకన్నా చెడ్డగా ఉన్న ఏడాది చూసి ఎంచాం కాబట్టి తర్వాతి ఏడాది మామూలు స్థాయి వైపు జరుగుతుంది. దీన్ని వేరుచేయాలంటే పోల్చడానికి వేరే వీధులు కావాలి. అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెట్టే స్తోమత ఎలాగూ ఉండదు. కాబట్టి ఇరవై వీధుల్లో మొదటి పదింటిని లాటరీ తీసి ఎంచండి. మిగిలిన పదింటికి వచ్చే ఏడాది. ఈలోపు అవే పోలికగా పనికొస్తాయి, ఎవరికీ లేదనిపించకుండానే. మొదలుపెట్టకముందటి అంకెలు మాత్రం తప్పనిసరిగా తీసుకోవాలి. మధ్యలో ప్రొఫెసర్‌ను పిలిచి ప్రభావం కొలవమంటే ఆయన చేయగలిగింది చాలా తక్కువ.

[తెరపై: ఒక స్ప్రెడ్‌షీట్. పక్కన తెరుచుకోని యాప్.]

వాయిస్:
చివరిది, అప్పగింత. విద్యార్థులు ఉత్సాహంగా యాప్ కడతారు. ఆర్నెల్లకు సర్వర్ చందా గడువు తీరుతుంది, పాస్‌వర్డ్ ఉన్న విద్యార్థి ఉద్యోగంలో చేరిపోతాడు. సంస్థలో ఇప్పటికే వాడుతున్న సాధనంతోనే పని జరగాలి. చాలాసార్లు అది మామూలు స్ప్రెడ్‌షీట్. దాన్ని 14వ వారంలో సంస్థ ఉద్యోగి ఒకరు, విద్యార్థులు పక్కన కూర్చుని చూస్తుండగా, మొదటి నుంచి చివరి దాకా సొంతంగా నడపాలి. ఎక్కడ ఆగారో అదంతా రెండు పేజీల సూచనల్లోకి ఎక్కించాలి.

జవాబులు ఇచ్చిన జనానికి ఫలితం చెప్పకుండా ఊరుకోకండి. నివేదిక ఖరారైన నెల లోపు, వాళ్ల భాషలో, ఒక పేజీ కాగితంతో, వాళ్ల దగ్గరికే వెళ్లి చెప్పండి. వాళ్లు «ఇది తప్పు» అన్న చోట రాసుకోండి. ఆ తప్పుల్లో కొన్ని నిజంగానే తప్పులై ఉంటాయి.

ప్రాజెక్టు ముగిసిన మూడు నెలలకు ఒక గంట సమావేశం ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టేయండి. మొదట్లో గీసిన ఖాళీ పట్టికను బల్ల మీద పెట్టుకుని, వేళ మారుస్తాం అని రాసిన నిర్ణయం అమలైందా అని చూడండి. అమలు కాకపోతే అడ్డొచ్చింది ఏమిటో రాయండి. వచ్చే సెమిస్టర్ విద్యార్థులకు ఇవ్వాల్సిన ప్రశ్న చాలాసార్లు ఆ కాగితంలోనే దొరుకుతుంది.