అడ్డాకు ఏ లెక్కలో రాస్తారు?

అల్లుడు: అందరికీ నమస్కారం, విజయనగరం నుంచి మేమే. ఇవాళ రాయపూర్–విశాఖ ఆరు లైన్ల రోడ్డు, దానికింద పోయే అడవి గురించి. మొత్తం 464 కిలోమీటర్లు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాటి మన సాలూరు వైపు దిగుతాది.

మావ: ముందీ ఆకు చూడు.

అల్లుడు: మళ్లీ అడ్డాకేనా!

మావ: అడ్డాకే. మధ్యలో చీలి మేకడెక్కలాగుంటాది, అరచేతికన్నా పెద్దది. నాలుగైదాకులు పుల్లల్తో కుడితే విస్తరి. కొండమీద ఆడోళ్లు తెల్లారకముందే ఎల్లి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకి మోసుకొస్తారు. ఇది చెట్టు కాదురా, తీగ. మద్ది, గుగ్గిలం లాంటి పెద్ద మాను దొరికితేనే పైకెక్కుతాది.

అల్లుడు: రోడ్డుకి దీనికి ఏటి సంబంధం?

మావ: అదే చెప్తన్నాను కదా! అడవి తీస్తే బదులు నాటాలి, 1980 అటవీ సంరక్షణ చట్టం కింద రూలు, అలా నాటడానికి కట్టించుకునే డబ్బులకోసం 2016లో కాంపా చట్టం కూడా పెట్టారు. అయితే చుట్టుకొలత కొలిచి నంబరేసేది మాన్లకే, తీగని ఎవడు లెక్కేస్తాడు? టేకు మొక్కలు వరసల్లో నాటీసి అడవి తిరిగొచ్చీసిందంటే, ఈ ఆకు ఎక్కడ్నుంచి వస్తాది, ఆ సంతకొచ్చే మనిషి ఏటి తింటాది?

అల్లుడు: మావా, డోలీలో గర్భిణిని మోసుకెళ్తన్నప్పుడు నువ్వూ చూసావు, నేనూ చూసాను. రోడ్డు వద్దంటే ఎలాగ?

మావ: వద్దన్లేదురా. డోలీ ఆగాలంటే గూడేనికి చిన్న రోడ్డు కావాలి. ఈ ఆరు లైన్లది మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు, గూడెం పక్కనుంచి పోయినా గూడెపోడు ఎక్కలేడు.

అల్లుడు: …అది నేను ఆలోచించలేదు. అయినా పోర్టుకి లారీలు తొందరగా వస్తే మన కుర్రోళ్లకి పని దొరుకుతాది కదా.

మావ: దొరకనీ. కానీ ముందు అడగాలి కదా. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2013లో రోడ్లు, కాలవల్లాంటి వాటికి గ్రామసభ ఒప్పుకోలు అక్కర్లేదని కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. చూడు, ఆ అడగడమే తీసీసారు.

అల్లుడు: నీ గొంతు మారిపోతోంది మావా. నీళ్లు తాగు.

మావ: మా అమ్మ పెళ్లిళ్లకి విస్తర్లు కుట్టేది. వేళ్లకి పుల్లలు గుచ్చుకునేవి. పచ్చాకు వాసనొచ్చేది ఇల్లంతా…

అల్లుడు: మీ అమ్మ ఆకు కోసిన ఆ మద్ది చెట్టు ఇంకా ఉందా?

మావ: ఉంది. మొన్న ఎల్లినప్పుడు చూసాను, తీగ కొమ్మలదాకా పాకింది. ఉండు, అత్త ఫోను చేస్తంది.