చేపను తోక వైపు నుంచి

అందరికీ నమస్కారం.

నెల్లూరులో ప్రపంచ సాహిత్యం గురించి మాట్లాడమంటే నాకు ముందు తిక్కన గుర్తొస్తాడు. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగు చేసినవాడు. వేరే భాషలో పుట్టిన కథను మన ఇంటి మాటల్లోకి తెచ్చుకోవడం ఈ ఊరికి ఏడువందల ఏళ్లు దాటిన అలవాటు. 1827లో జర్మన్ కవి గొయ్‌థే ఒక చైనా నవల చదివి, ఇక వచ్చేది ప్రపంచ సాహిత్య యుగం అన్నాడు. చరిత్ర ఇంతకు మించి చెప్పను.

నేను డిగ్రీలో ఈ ప్రపంచ సాహిత్యం పేపరు గైడు చదివి రాశాను. రచయిత పేరు, సంవత్సరం, ఏ వాదం. మార్కులు బాగానే వచ్చాయి. నవల మటుకు తెరవలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే నా క్లాసులో కథ మొత్తం పైకి చదువుతాను.

మొన్న రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన ‘వాంకా’ కథ చదివాం. తొమ్మిదేళ్ల పిల్లాడు, మాస్కోలో బూట్లు కుట్టేవాడి దగ్గర పనికి కుదిరాడు. క్రిస్మస్ ముందు రాత్రి యజమాని వాళ్లు చర్చికి పోయినప్పుడు, ఊళ్లో ఉన్న తాతకు ఉత్తరం రాస్తాడు. హెర్రింగ్ చేపను బాగుచెయ్యమంటే తోక వైపు నుంచి మొదలుపెట్టానని, యజమానురాలు ఆ చేప మూతితోనే నా ముఖాన పొడిచింది తాతయ్యా అంటాడు.

ఇక్కడ జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి లేచింది. “సార్, పొలుసు తోక కాడి నుంచే గదా గీకేది? వాడి తప్పేముంది?”

నా దగ్గర జవాబు లేదు. క్లాసంతా ఆ చేప మీద పడ్డాం. అక్కడ దాన్ని ఉప్పులో ఊరవేసి అమ్ముతారు, అది పొలుసు గీకే పని కాదేమో అన్నాను. “మరి వాడికి నేర్పిందెవరు సార్?” అంది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. నేను గైడు బట్టీపట్టిన ఏడాదంతా ఇలాంటి ప్రశ్న ఒక్కటి నాకు తట్టలేదు. చేపలు బాగుచేసిన చేతులకు తట్టింది.

ఇంకో మాట. తెలుగు అనువాదంలో చదవడం చిన్నతనం అనుకోవద్దు. చెహోవ్ రాసింది రష్యన్‌లో నాయనా, ఇంగ్లీషులో చదివినా మనం చదివేది అనువాదమే. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగండి.

ఇంగ్లీషులోనే రాసినవాళ్లను చదవడానికీ తెలుగు పనికొస్తుంది. నైజీరియా రచయిత చినువా అచెబె 1958 నాటి ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో, ఇగ్బో జనానికి సామెతలంటే మాటల్ని కలుపుకు తినే పామాయిల్ అంటాడు. గబగబా చదివితే ఆ వాక్యం జారిపోతుంది. ‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అని అవ్వ నోట విన్నవాళ్లు అక్కడ నిలబడతారు. ఆమెత అంటే విందు. వాళ్లకు సామెత కూట్లో నూనె, మనకు ఇంటికి విందు. ఈ దగ్గరితనం, ఈ తేడా పట్టుకుని మీరు పది పేజీల వ్యాసం రాయొచ్చు. రాస్తే నేను సంతోషంగా చదువుతాను.

మళ్లీ వాంకా దగ్గరికి వస్తాను. ఉత్తరం ముగించి కవరు మీద ‘పల్లెలో తాతయ్యకు’ అని రాస్తాడు. తల గోక్కుని, ఆలోచించి, తాత పేరు కూడా చేరుస్తాడు. ఉదయగిరి వైపు కుర్రాడొకడు, “మా ఊళ్లో పేరు రాస్తే చాలు సార్, పోస్టుమేన్ ఇచ్చేస్తాడు” అన్నాడు. కాసేపటికి తనే, “ఊరి పేరు లేకుండా మా ఊరి దాకా ఎట్టొస్తది?” అని మెల్లగా కూర్చున్నాడు.

ఉత్తరం చేరదని చెహోవ్ ఎక్కడా రాయలేదు. డబ్బాలో వేయించి, పిల్లాణ్ణి నిద్రపుచ్చి, వదిలేశాడు.

కథ కాపీలు ఈ బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకెళ్లండి. ఈ రాత్రికి ఇంట్లో పైకి చదవండి, అవ్వాతాతలకు వినపడేట్టు.